ఫ్రీజ్ అయ్యాక కూడా మారిన పాటలు: బ్రాడ్‌వే కాపీయిస్టుగా నా అనుభవం

న్యూయార్క్‌లో పెద్ద నాటక థియేటర్లుండే బ్రాడ్‌వేలో నేను చేసే ఉద్యోగం పేరు మ్యూజిక్ కాపీయిస్టు. కొత్త మ్యూజికల్, అంటే పాటలతో నడిచే నాటకం, వస్తోందంటే, స్వరకర్త పియానో మీద కట్టిన పాటను ఆర్కెస్ట్రేటర్ అన్ని వాయిద్యాలకూ పంచుతాడు. ఆ పెద్ద స్కోరులోంచి ట్రంపెట్ వాయించే మనిషికి ట్రంపెట్ భాగం, వయొలిన్ మనిషికి వయొలిన్ భాగం విడదీసి, చీకట్లో చిన్న దీపం కింద కూడా తడుముకోకుండా చదివేలా పేజీలు తయారుచేసేది మేం. పేజీ ఎక్కడ తిప్పాలన్నది కూడా మేమే చూడాలి. రెండు చేతులూ పనిలో ఉండగా పేజీ తిప్పాల్సి వచ్చిందంటే మర్నాడు పొద్దున్నే ఫోన్ వస్తుంది.

నేను మొదటి రిహార్సల్ నుంచీ ఉన్న ఒక షో గురించి రాస్తున్నాను. ఒప్పందం ప్రకారం దాని పేరు చెప్పకూడదు. పేరు తెలియకపోయినా నష్టం లేదు, ఎందుకంటే ఇలాంటివి దాదాపు ప్రతి షోలోనూ జరుగుతాయి. పాట బాగాలేకపోతేనే మారుస్తారని బయట అందరూ అనుకుంటారు. నా చేతుల మీదుగా వెళ్ళిన మార్పుల్లో సగానికి పైగా పాట బాగోగులతో సంబంధం లేనివి. ఒకచోట సెట్ కదలడం ఆలస్యం, ఇంకోచోట నటి గొంతు, మరోచోట గడియారం.

బ్రాడ్‌వేలో అసలు ప్రారంభానికి ముందు కొన్ని వారాలు ప్రివ్యూలు ఉంటాయి. ప్రేక్షకులు టికెట్ కొనుక్కునే వస్తారు, షో మాత్రం ఇంకా తయారవుతూనే ఉంటుంది. పూర్వం ఈ తతంగమంతా న్యూ హేవెన్, బోస్టన్, డెట్రాయిట్, వాషింగ్టన్ లాంటి ఊళ్ళలో ముగించుకుని న్యూయార్క్ వచ్చేవాళ్ళు. ఇప్పుడు కొన్ని షోలు బయట ఊళ్ళో ఆడి వస్తాయి, కొన్ని నేరుగా ఇక్కడే తెర తీస్తాయి. మాది రెండో రకం. అంటే ఏం తేడా చేసినా నగరమంతా మర్నాటికల్లా మాట్లాడుకుంటుంది.

ప్రివ్యూల్లో మా రోజు మామూలుగా రాత్రి పదకొండుకి మొదలయ్యేది. షో అయిపోగానే దర్శకుడు, స్వరకర్త, గీత రచయిత, కొరియోగ్రాఫర్, మ్యూజిక్ డైరెక్టర్ ఒక గదిలో కూర్చునేవాళ్ళు. అర్ధరాత్రి దాటాక మా ఆఫీసుకి మెసేజ్ వచ్చేది: ఫలానా పాటలో రెండో చరణం తీసేయండి, ముగింపులో నాలుగు బార్లు (తాళం లెక్కన సంగీతాన్ని విడగొట్టే చిన్న గళ్ళు) కలపండి. ఆర్కెస్ట్రేటర్ తెల్లవారేలోపు కొత్త బార్లు రాసి పంపేవాడు. మేం భాగాలు విడదీసి, ప్రింట్ తీసి, మధ్యాహ్నం రిహార్సల్‌కి థియేటర్లో ఇవ్వాలి. ఆ రాత్రే జనం ముందు అది వాయించాలి. టెన్షన్ ఉండేది, కానీ దానికి అలవాటు పడిపోతాం. అలవాటు పడనిది నిద్రలేమికే.

ఒక చిన్న విషయం చెప్పాలి. ఎన్ని బార్లు తీసినా, ఎన్ని కలిపినా, షో ఫ్రీజ్ అయ్యేదాకా, అంటే ఇక మార్పులు ఆపేసేదాకా, బార్ నంబర్లు మార్చం. నలభై రెండో బార్ తర్వాత మూడు కొత్త బార్లు వస్తే అవి 42ఎ, 42బి, 42సి అవుతాయి. లైట్ల మనిషి, డాన్సర్లు, సౌండ్ ఆపరేటర్ అందరూ తమ కాగితాల మీద పాత నంబర్లే రాసుకుని ఉంటారు. నంబర్లు జరిపితే అందరి లెక్కలూ కూలిపోతాయి. అందుకే ప్రివ్యూల చివరికి వచ్చేసరికి ఒక పాట పేజీ చూస్తే దాని చరిత్రంతా కనబడుతుంది: 17 తర్వాత 31, తర్వాత 31ఎ నుంచి 31హెచ్ దాకా, ఆ తర్వాత 58.

మా షోలో రెండో అంకంలో నాయిక పాడే ఒక నెమ్మది పాట ఉండేది. రిహార్సల్ గదిలో ఆ పాటకి కళ్ళు తుడుచుకోని వాళ్ళు లేరు. మొదటి ప్రివ్యూలో అదే పాటకి జనం దగ్గారు. రంగస్థలం వాళ్ళు దగ్గుకి చాలా భయపడతారు. మనసు లగ్నమైన మనిషి దగ్గడు, విసుగు మొదలైన వెంటనే గొంతు సవరించుకుంటాడు. మొదట వేగం కొంచెం పెంచి చూశారు. తర్వాత మొదటి చరణం తీసేశారు. ఆ తర్వాత పాట ఎత్తుగడలో ఉన్న వాయిద్య సంగీతాన్ని సగానికి కోశారు. ఒక్కోసారీ మేం పేజీలు మార్చి ఇస్తూనే ఉన్నాం, దగ్గులు తగ్గలేదు.

చివరికి కారణం పట్టుకున్నది మ్యూజిక్ డైరెక్టర్. పాటకి ముందు సన్నివేశంలో తల్లికీ కూతురికీ మధ్య సంభాషణ ఉంది. నాయిక మనసులో ఏముందో అక్కడే మొత్తం తెలిసిపోతోంది. "విన్న మాటే మళ్ళీ పాడితే ఎవరు వింటారు?" అన్నాడాయన. సంభాషణ తీసేయడానికి నాటక రచయిత ఒప్పుకోలేదు, దర్శకుడు ఆయన వైపే నిలబడ్డాడు. పాట పోయింది. దాని స్థానంలో, తల్లి మాటలకి కోపంతో మొదలయ్యే కొత్త పాట వచ్చింది. కొత్త పాటను మొదటి రాత్రులు పియానో, బేస్, డ్రమ్స్‌తో మాత్రమే నడిపారు. ఆర్కెస్ట్రేషన్ చేసి, వాయిద్యకారులకి రిహార్సల్ ఇచ్చి ఎక్కించడానికి ఖర్చూ సమయమూ రెండూ కావాలి కాబట్టి, పాట నిలబడుతుందని నమ్మకం కుదిరాకే ఆ పని మొదలుపెడతారు. పాత పాట బాణీ మాత్రం ఇప్పటికీ షోలో ఉంది. మొదటి అంకంలో సెట్ మారేటప్పుడు వెనకాల క్లారినెట్ వాయించేది అదే. అది ఒకప్పుడు మాటలున్న పాటని ప్రేక్షకులకి తెలిసే అవకాశం లేదు.

ఇలాంటి కథలు ఈ వృత్తిలో కొల్లలు. 1962లో స్వరకర్త స్టీఫెన్ సోండ్‌హైమ్ హాస్య నాటకం 'ఎ ఫన్నీ థింగ్ హ్యాపెన్డ్ ఆన్ ది వే టు ది ఫోరమ్' వాషింగ్టన్‌లో ఆడుతున్నప్పుడు జనం నవ్వడం లేదు. ప్రారంభ గీతం ప్రేమ గురించి సున్నితంగా సాగేది. అది విన్న ప్రేక్షకుడు సరస నాటకానికి సిద్ధపడేవాడు, తీరా చూస్తే స్టేజి మీద గంతులు, అల్లరి. సాయానికి వచ్చిన దర్శకుడు, కొరియోగ్రాఫర్ జెరోమ్ రాబిన్స్ ఆ పాట మార్చమన్నాడు. సోండ్‌హైమ్ 'కామెడీ టునైట్' రాశాడు. మిగతా నాటకం చాలావరకు అదే, కానీ జనం నవ్వడం మొదలుపెట్టారు. 1970లో అదే సోండ్‌హైమ్ 'కంపెనీ'కి బోస్టన్‌లో ముగింపు పాట మార్చి 'బీయింగ్ అలైవ్' పెట్టాడు. ముందున్న పాట పెళ్ళి మీద మరీ చేదుగా ఉందన్నది కారణం.

నాకు బాగా నచ్చేది 1975 నాటి 'ఎ కోరస్ లైన్' సంగతి. అందులో ఒక డాన్సర్ తన శరీరం గురించి పాడే జోకు పాట ప్రివ్యూల్లో పేలలేదు. మాట మార్చలేదు, స్వరం మార్చలేదు. ప్రోగ్రామ్ పుస్తకంలో పాట పేరు మాత్రం మార్చారు. పాత పేరులో జోకు ముందే ఉండటంతో జనం అది చదివేసి కూర్చునేవాళ్ళు. 'డాన్స్: టెన్, లుక్స్: త్రీ' అని పేరు మారాక అదే పాటకి నవ్వులు పడ్డాయి.

చప్పట్ల సంగతి కూడా ఇలాంటిదే. పాట చివర ఆర్కెస్ట్రా ఒక్కసారిగా కొట్టే దెబ్బని మేం బటన్ అంటాం. పాట అయిపోయింది, ఇక కొట్టండి అని ప్రేక్షకుడికి ఇచ్చే సైగ అది. మా షోలో అన్నదమ్ముల యుగళగీతం ఒకటి మెల్లగా సన్నగిల్లి మాటల్లోకి జారిపోయేది. రాసినప్పుడు అందంగానే ఉంది. థియేటర్లో మాత్రం కొందరు కొట్టాలా వద్దా అని మొదలుపెట్టి ఆపేసేవాళ్ళు, ఆ తడబాటులో తర్వాతి రెండు డైలాగులూ మునిగిపోయేవి. రెండు బీట్ల బటన్ కలిపారు. ఇంకోచోట దీనికి సరిగ్గా ఎదురు. హత్య జరిగే ముందు పాటకి పెద్ద బటన్ ఉండేది, చప్పట్లు మోగిపోయేవి, ఆ మోతలో భయం కాస్తా ఆవిరయ్యేది. బటన్ తీసేసి చివరి స్వరాన్ని అలాగే సాగదీసి తర్వాతి సన్నివేశంలోకి లాగారు. ఆ పాట పాడిన నటుడు కొన్నాళ్ళు ముభావంగా ఉన్నాడు. ఎవరికైనా ఉంటుంది మరి, రోజూ వచ్చే చప్పట్లు లాగేసుకుంటే.

వ్యాంప్ అని ఇంకొకటి ఉంది. నటుడి మాట పూర్తయ్యే దాకానో, సెట్ కదిలే దాకానో అవే రెండు బార్లు తిప్పి తిప్పి వాయించడం. మా షోలో ఒక పెద్ద మెట్ల సెట్ మోటారు మీద తిరిగేది, తిరగాల్సిన వేగంలో తిరిగేది కాదు. పాట మధ్యలో ఎనిమిది బార్లు ఎక్కువ రాయాల్సి వచ్చింది. కొన్ని వారాల తర్వాత మోటారు బాగైంది, బార్లు తీసేద్దామన్నారు. నటి ఒప్పుకోలేదు. ఆ ఖాళీలో ఆమె మెట్ల మీద ఆగి వెనక్కి తిరిగి చూడటం మొదలుపెట్టింది. ఆ చూపే పాటకి ప్రాణమని సమీక్షల్లో రాశారు. మోటారు పాడవకపోతే ఆ చూపూ లేదు, ఆ బార్లూ లేవు.

ప్రివ్యూలు ముగిసే ముందు ఒక తేదీన షోని ఫ్రీజ్ చేస్తారు. విమర్శకులు ఈ మధ్య ప్రారంభం రోజున కాకుండా చివరి కొద్ది ప్రివ్యూల్లోనే చూసి వెళ్తారు కాబట్టి, వాళ్ళు వచ్చేలోపు అన్నీ స్థిరపడాలి. ఆ రోజు మేం బార్ నంబర్లన్నీ శుభ్రంగా మళ్ళీ వేసి, కొత్త పుస్తకాలు ప్రింట్ తీసి, స్టేజి ముందు వాయిద్యకారులు కూర్చునే పిట్‌లో పెట్టాం. తర్వాత కొద్ది రోజులకే ఆల్బమ్ రికార్డింగ్. ఆల్బమ్‌నే అసలు ప్రతి అని పట్టుకుని, అందులో లేనిదంతా పొరపాటని వాదించే అభిమానులని చూస్తే నాకు నవ్వొస్తుంది. రికార్డింగ్ కోసం డాన్స్ సంగీతం కుదిస్తారు, సంభాషణ కోస్తారు, వేగం మారుస్తారు. 1979 నాటి 'స్వీనీ టాడ్'లో జడ్జి పాడే పాటను ప్రివ్యూల్లోనే తీసేశారు, కానీ అది ఆల్బమ్‌లో ఉంది. ఆల్బమ్ విని థియేటర్‌కి వెళ్ళినవాడికి ఆ పాట వినపడలేదు.

మన పద్యనాటకం ఇక్కడ గుర్తొస్తుంది. అక్కడ పద్యం అక్షరం మారదు, రాగమూ సాగదీతా పాడేవాడి ఇష్టం, జనం వన్స్ మోర్ అంటే మళ్ళీ మొదటి నుంచి. బ్రాడ్‌వేలో కాగితం మీద ఏదీ నటుడి ఇష్టం కాదు. అయినా నటుడు మారితే కాగితమే మారుతుంది.

ఫ్రీజ్ తర్వాత మా పని అయిపోయిందనుకున్నాం. ఏడాది తిరగ్గానే నాయిక ఒప్పందం ముగిసింది. కొత్తగా వచ్చిన ఆవిడ మంచి గాయని, కానీ ఆమె గొంతు ఛాతీ నుంచి తలకి మారే చోటు వేరు. పాత నాయికకి ఉరుములా పలికిన స్వరాలు ఈవిడకి సరిగ్గా ఆ సందులో పడుతున్నాయి. పాట శృతి ఈ మేజర్ నుంచి డి ఫ్లాట్ మేజర్‌కి, అంటే మూడు అర స్వరాలు కిందికి దించాలన్నారు. కంప్యూటర్‌లో అది క్షణంలో అయిపోతుందని చాలామంది అనుకుంటారు. స్వరాలు దిగుతాయి, నిజమే. కానీ వయొలిన్‌కి అట్టడుగు తీగ కింద స్వరం లేదు, అక్కడ ఉన్న వరసంతా వయోలాకి ఇవ్వాలి. ఈ మేజర్‌లో గిటార్ ఖాళీ తీగలు గణగణా మోగేవి. డి ఫ్లాట్‌లో ఒక్క ఖాళీ తీగా పనికిరాదు, ఆ మెరుపు పోతుంది. కీబోర్డ్‌లో ముందే నింపిన శబ్దాలు మార్చాలి. పాటకి ముందు సన్నివేశంలో వెనకాల వచ్చే సంగీతం పాత శృతికి దారితీస్తుంది, దాన్నీ వంచాలి. ఆర్కెస్ట్రేటర్ రెండు రోజులు కూర్చుని మళ్ళీ రాశాడు. నాయిక సెలవులో ఉన్నరోజు పాడే అండర్‌స్టడీకి పాత శృతే సుఖం. అందుకని పిట్‌లో రెండు ప్రతులూ ఉంటాయి. ఆ రోజు ఎవరు పాడుతున్నారో దాన్నిబట్టి వాయిద్యకారులు పేజీ తీస్తారు.

గొంతు కోసం పాట కొలవడం కొత్తేమీ కాదు. 1973లో 'ఎ లిటిల్ నైట్ మ్యూజిక్' రిహార్సల్స్ చివర్లో నటి గ్లినిస్ జాన్స్ కోసం సోండ్‌హైమ్ ఒక పాట రాశాడు. ఆమె స్వరాన్ని ఎక్కువసేపు నిలపలేదు, అందుకే చిన్న చిన్న ప్రశ్నలతో వాక్యాలు కట్టాడు. అదే 'సెండ్ ఇన్ ది క్లౌన్స్'. రన్ మధ్యలో, అంటే షో ఆడుతుండగానే, పాటలే కలిపిన ఉదాహరణలూ ఉన్నాయి. 'హలో, డాలీ!' 1964లో మొదలైంది. అందులో నాయిక పాత్రను ముందు నటి ఎథెల్ మెర్మన్‌ని దృష్టిలో పెట్టుకుని రాస్తే ఆమె కాదంది. 1970లో, రన్ చివరి ఏడాదిలో, ఆమె ఆ పాత్ర చేయడానికి ఒప్పుకోగానే, ఆమె కోసం రాసి పక్కన పెట్టిన రెండు పాటలు మళ్ళీ షోలోకి వచ్చాయి. 1994లో మొదలైన 'బ్యూటీ అండ్ ది బీస్ట్'లోకి నాలుగేళ్ళ తర్వాత గాయని టోనీ బ్రాక్స్‌టన్ నాయికగా వచ్చినప్పుడు 'ఎ చేంజ్ ఇన్ మీ' అనే పాట కొత్తగా చేర్చారు. ఆమె వెళ్ళిపోయింది, పాట ఉండిపోయింది.

నాకు మింగుడుపడనివి డబ్బు కోసం చేసే మార్పులు. మూడు గంటలు దాటితే వాయిద్యకారులకీ స్టేజి సిబ్బందికీ ఓవర్‌టైమ్ ఇవ్వాలి. 1987లో బ్రాడ్‌వేకి వచ్చిన 'లే మిజరాబ్ల్'ని 2000 ప్రాంతంలో ఆ గీత లోపలికి తేవడానికి అక్కడక్కడా కత్తిరించారు. లండన్‌లో 'ది ఫాంటమ్ ఆఫ్ ది ఒపెరా' కోవిడ్ మూత తర్వాత 2021లో తెరిచినప్పుడు, 27 మంది ఉన్న ఆర్కెస్ట్రా 14 మందికి తగ్గింది. మాటలూ బాణీలూ అవే అంటారు. నిజమే కావచ్చు, కానీ నలుగురు వాయించే చోట ఒక్కరు వాయిస్తే అది వేరే పాట అని నేనంటాను. మా షోకీ అలాంటి కత్తిరింపు ఒకసారి వచ్చింది. డాన్స్ మధ్యలో పదహారు బార్లు పోయాయి. డాన్సర్ల మోకాళ్ళకి మేలైందని ఒకరు సర్దిచెప్పారు గానీ, ఆ పదహారు బార్లలోనే ట్రాంబోన్‌కి మొత్తం రాత్రిలో ఉన్న ఒకే ఒక్క సోలో ఉండేది.

ఎవరూ నిర్ణయించకుండానే జరిగే మార్పులు ఇంకా ఉన్నాయి. స్టేజి మేనేజర్ ప్రతి రాత్రీ అంకం నిడివి రిపోర్టులో రాస్తాడు. వారానికి ఎనిమిది షోలు ఆడుతుంటే నెలల్లో ఒక్కో పాట వేగం కొద్దికొద్దిగా జరిగిపోతుంది. మొదటి అంకం ఉన్నట్టుండి ఒకటిన్నర నిమిషం పెరిగిందంటే ఎవరో ఎక్కడో ఆస్వాదిస్తూ పాడుతున్నారన్నమాట. అప్పుడు మ్యూజిక్ డైరెక్టర్ ఫ్రీజ్ నాటి రికార్డింగ్ తీసి విని, మళ్ళీ దారికి తెస్తాడు.

పిట్‌లో పుస్తకాలదీ అదే కథ. మామూలు వాయిద్యకారుడు రాని రోజు సబ్ వచ్చి వాయిస్తాడు. వాళ్ళ కోసం పెన్సిల్‌తో రాతలు ఉంటాయి: ఇక్కడ ఆయన ఆగుతాడు, ఇక్కడ మూడోసారికి వెళ్ళు. కళ్ళజోడు బొమ్మ వేసి ఉంటే తలెత్తి కండక్టర్‌ని చూడమని. ఆ రాతలేవీ మా కంప్యూటర్ ఫైళ్ళలో ఉండవు. నేను ఆర్నెల్లకోసారి పిట్‌లోకి దిగి అన్ని పుస్తకాలూ ఫోటోలు తీసుకుని, ఏవి అధికారికమో ఏవి ఒక మనిషి అలవాటో కండక్టర్‌తో కూర్చుని తేల్చేవాణ్ణి. "ఇదెవరు మార్చారు?" అని ఆయన అడిగిన చోట్లు కూడా ఉన్నాయి, ఆయన చెయ్యి కిందే రోజూ అలా వాయిస్తున్నా.

ఇప్పుడు షో ముగిసింది. కాలేజీలు, ఔత్సాహిక బృందాలు ప్రదర్శించుకోవడానికి అద్దెకిచ్చే స్కోరు తయారీ మా ఆఫీసులోనే జరుగుతోంది. ఏ ప్రతిని ఇవ్వాలన్నది పెద్ద చర్చ అయింది. దగ్గులకి బలైన పాటని కనీసం అనుబంధంగా చేర్చమని స్వరకర్త పట్టుబట్టాడు. దర్శకుడు వద్దన్నాడు, అతని మాట నెగ్గింది. మెట్ల దగ్గర ఎనిమిది బార్లు ఉంచాం. తిరిగే మెట్లు లేని బృందాలు వదిలేసుకోవచ్చని గుర్తు పెట్టాం. ట్రాంబోన్ సోలో వెనక్కి వచ్చింది, ఎందుకంటే అద్దె ప్రతికి ఓవర్‌టైమ్ లెక్క లేదు. నాయిక పాట రెండు శృతుల్లోనూ ఇస్తున్నాం. బార్ నంబర్లు మాత్రం ఈసారి ఒకటి నుంచి వరసగా వేశాం.